బాపు మిగిల్చిన ట్యాక్సు

నా చిన్నప్పుడు ఫిబ్రవరి, మార్చి నెలలొస్తే చాలు, మా బాపు ముఖం మాడిపోయేది. కంచన్‌బాగ్‌లో లోహాల ఫ్యాక్టరీలో ఆయనకు ఉద్యోగం. ఏడాదంతా నిండుగా వచ్చే జీతం ఆ రెండు నెలలూ సన్నబడేది. అడిగితే, "ట్యాక్సు కట్ చేసిండ్రు" అనేవాడు. ఈ ట్యాక్సు అనే మనిషెవరో, మా బాపు పైసలు ఎందుకు పట్టుకుపోతాడో, గల్లీలో అందరినీ కడిగేసే మా బాపమ్మ అతణ్ని మాత్రం ఎందుకు వదిలేసిందో నాకు అర్థమయ్యేది కాదు. ఇప్పుడు నాకు మనవరాలుంది. ట్యాక్సు మనిషి కాదని తెలిసింది గానీ, అంతకు మించి అర్థమైందని చెప్పలేను.

బాపమ్మ అంటే బాపు వాళ్లమ్మ, మా నాయనమ్మ. జహనుమాలో మాది రెండు గదుల పెంకుటిల్లు. వెనక గది వానాకాలమంతా కురిసేది. గిన్నెలూ బకెట్లూ పెట్టుకుని గడిపేవాళ్లం. నేను నాలుగో తరగతి చదివే ఏడు అమ్మ కడుపుతో ఉంది. కాన్పు సరిగ్గా వానల్లో. పసిగుడ్డును పెట్టుకుని అమ్మ పడుకోవలసింది ఆ కురిసే గదిలోనే. అందుకని బాపమ్మ, తన రెండు బర్రెల పాలు ఇంటింటికీ పోసి కూడబెట్టిన పైసలన్నీ తెచ్చి బాపు చేతిలో పెట్టింది. ఎండాకాలంలోనే పాత పెంకులు తీయించి కొత్తవి వేయించమంది.

మార్చి నెలాఖరులో ఒకరోజు అమ్మ నన్ను పక్కింటి అక్క వెంట చార్మినార్ బజారుకు పంపింది. పుట్టబోయే బిడ్డ కోసం మెత్తటి నూలు బట్ట తేవాలి. బట్టల దుకాణం దాకా పోకముందే గాజులాయన పిలిచాడు. "లేలో బేటీ, ఆధే దామ్ మే" అన్నాడు. సగం ధర! అక్క వద్దంటూనే ఉంది, నేను వింటేగా. బట్టకిచ్చిన పైసలన్నీ గాజులకు పోసి, గర్వంగా ఇంటికొచ్చి, "సగం పైసలు మిగిలినయమ్మా" అన్నాను.

"ఏవి మిగిలినయి, చూపియ్" అంది అమ్మ.

రెండు చేతులూ చాపాను. చేతుల్నిండా గాజులే. అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. నిజం చెబుతున్నాను, నాకేమీ అర్థం కాలేదు. పది రూపాయల గాజులు ఐదుకు వస్తే ఐదు మిగిలినట్టే కదా. లెక్కల్లో నాకెప్పుడూ మంచి మార్కులే. మరి ఆ ఐదు ఎటు పోయాయి?

నేనింకా వెక్కుతుండగానే సాయంత్రం బాపు మిఠాయి డబ్బాతో సైకిల్ దిగాడు. అన్నేళ్లలో మార్చి నెలలో ఆయన నవ్వడం అదే మొదటిసారి చూడటం. ఫ్యాక్టరీలో తోటివాళ్లు చెప్పారట, నెల దాటకముందే బీమా పాలసీ కడితే ట్యాక్సు తగ్గుతుందని. కట్టేసి వచ్చాడు. "ఈసారి రెండు వందల ట్యాక్సు మిగిల్చిన" అని అందరి చేతుల్లోనూ తలా ఒక కలాకంద్ ముక్క పెట్టాడు. నాకు దెబ్బ, బాపుకు మిఠాయి. ఇదేం న్యాయమో నాకు తోచలేదు.

బాపమ్మ మాత్రం ముక్క నోట్లో పెట్టుకోలేదు. "మిగిలినయి ఏవి కొడుకా, చూపియ్" అంది, అచ్చం అమ్మ నన్ను అడిగినట్టే.

"చేతికి రావమ్మా. జీతంల కట్ కావు, గంతే."

"మరి కట్టిన పైసలు యాడియి?"

బాపు డబ్బాకు మూత పెట్టాడు. "పెంకులకు పెట్టినయే. ఫికర్ చెయ్యకు, యాడికి పోవు. ఇరవై ఏండ్లకు బోనస్ తోటి వస్తయి."

"కడుపులున్నోడు ఇరవై ఏండ్లు ఆగుతడా మరి?"

బాపమ్మ నా వైపు తిరిగి, "నీకైతే మీ అమ్మ ఒక్కటేసింది. వీనికి ఎవరెయ్యాలె?" అంది. నేను నవ్వాను. నాతోపాటు ఇంకెవరూ నవ్వకపోయేసరికి నోరు మూసుకున్నాను.

ఏప్రిల్ జీతంలో పెంకుల పని చేయిస్తానన్నాడు బాపు. ఏప్రిల్ జీతం ఇంటికే చాలలేదు. మే నెలలో ఒక బర్రె వట్టిపోయింది. జూన్‌లో తమ్ముడు పుట్టాడు. అమ్మను ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు, బాపమ్మ ముందు గదిలోని తన మంచం అమ్మకిచ్చి, తను వెనక గదిలో పీట వేసుకుంది. మధ్యాహ్నానికి వాన అందుకుంది. బాపు డ్యూటీ నుంచి తడిసి ముద్దై వచ్చేసరికి, బాపమ్మ నెత్తిన గోనెసంచి కప్పుకుని, చుట్టూ బకెట్ల మధ్య కూర్చుని, తాపీగా వక్కలు కత్తిరించుకుంటోంది.

"గోడకు జరుగమ్మా" అన్నాడు బాపు.

"గోడ పొంటి ఇంక ఎక్కువ కురుస్తుంది. నాకేమైతది కొడుకా, నేనేమన్న ఉప్పు బస్తనా కరుగనీకి? పిల్లగాడు పొడిగున్నడు, పోయి చూడు."

ఆ గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఒక్క మాట తిట్టినా బాపుకు సుఖంగా ఉండేదేమో. బయటికెళ్లి ఎవరినో అడిగి కప్పు మీద పరిచే తాడిపత్రి పట్టా తెచ్చాడు. ఆ వానలోనే కప్పెక్కాడు. కింద నిచ్చెన పట్టుకున్నది నేనే. బాపు ఏడుస్తున్నాడు.

ఆ తరువాత ప్రతి మార్చిలోనూ, ట్యాక్సు కోసం కొత్తగా ఏమైనా కట్టేముందు బాపు బాపమ్మ దగ్గరికి వచ్చేవాడు. ఆమె ఒకటే అడిగేది. "ఈ పైసలు దేనికి పెట్టుకున్నయి?" దేనికీ కాదంటే కట్టమనేది. దేనికైనా అయితే, ట్యాక్సు కోసుకుంటే కోసుకోనీయమనేది. అప్పుడు తెలిసింది నాకు, నా ఐదు రూపాయలు ఎటూ పోలేదని, అసలు మిగలనే లేదని.

అక్కడితో అయిపోతే నాకూ తేలికగా ఉండేది. ఆ పాలసీని బాపు మధ్యలో వదిలేయలేదు. ఏటేటా పళ్ల బిగువున కట్టాడు. ఇరవై ఏళ్లకు ఆ డబ్బు నిజంగానే వచ్చింది. దానికి ఇంకొంత కలిపి అదే జాగాలో స్లాబు వేయించాడు. బాపమ్మ పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. స్లాబు పోసిన రోజు బాపు తలెత్తి చూస్తూ, "వచ్చినయే అమ్మా" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు తికమకే. పాలసీ కట్టకపోతే మాకు స్లాబు ఉండేదా? కట్టినందుకు కదా ముసలామె వానలో కూర్చుంది? ఎవరి లెక్క సరైందో ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మొన్న మార్చిలో మా అమ్మాయి ఫోన్ పట్టుకుని కూర్చుంది. ట్యాక్సులో పాత పద్ధతట, కొత్త పద్ధతట. పాతదైతే ఏదో ఫండ్‌లో పెట్టాలి, మూడేళ్లు తీయరాదు, కానీ ఇంత మిగులుతుంది అని చూపించింది. నాకు తల తిరిగింది. ఒక్కటే అడిగాను, ఈ పైసలు దేనికి పెట్టుకున్నవని. "జూన్‌లో పాప ఫీజుకమ్మా" అని, కాసేపు ఆలోచించి ఫోన్ పక్కన పెట్టేసింది. మంచి చేశానో చెడ్డ చేశానో తెలియదు. మూడేళ్ల తరువాత అది నన్ను తిట్టుకున్నా తిట్టుకోవచ్చు.

ఆ స్లాబు ఇంట్లో ఇప్పుడు తమ్ముడుంటాడు. వాన కురిసే రోజుల్లో అక్కడికి వెళ్తే వెనక గదిలోకి పోయి కూర్చుంటాను. పైనుంచి చుక్క పడదు. "గా మూలకేం కూసున్నవక్కా, ముందటికి రా" అంటాడు తమ్ముడు. వస్తానంటాను గానీ, వాన వెలిసేదాకా అక్కణ్నుంచి లేవబుద్ధి కాదు.