తాతయ్య ఒప్పుకున్న తుపాకీ

నా చిన్నప్పుడు తిరువూరులో మా ఇంటి దూలానికి మందు కూరి పేల్చే తుపాకీ ఒకటి వేలాడుతుండేది. దాని లైసెన్సు మా పెదతాతయ్య పేరు మీద ఉండేది. ఆయన పోయాక దాన్ని స్టేషన్లో అప్పగించాల్సింది, కానీ మా తాతయ్య రేపు, ఎల్లుండి అంటూ బద్ధకించాడు. మొక్కజొన్న కంకి పట్టే రోజుల్లో అడవి పందులను తోలడానికి గాల్లోకి పేల్చేవాడు. ఆ చప్పుడుకు పందుల కంటే మా నాయనమ్మే ఎక్కువ బెదిరేది.

ఒక ఉదయం కానిస్టేబుల్ వచ్చి, గుమ్మంలో గవ్వలాడుకుంటున్న నన్ను, "ఇంట్లో తుపాకీ ఉందా పాపా?" అని అడిగాడు. నిజమే చెప్పాలని బళ్ళో చెప్పారు. పైగా మా ఇంట్లో తుపాకీ ఉందంటే నాకు మహా గొప్ప. "ఉందండీ, అదుగో!" అని దూలం వైపు చూపించాను. మధ్యాహ్నానికి తాతయ్యను జీపెక్కించారు. ఆ రోజు నుంచి నేను ఎవరితోనూ మాట్లాడటం మానేశాను.

మావైపు పెద్దవాళ్ళ ముందు నిలబడితే, తప్పున్నా లేకపోయినా "తప్పయిపోయిందండీ" అనడం ఒక మర్యాద. అలా అంటే అవతలివాళ్ళు మెత్తబడతారని నమ్మకం. కోర్టు వరండాలో ఒక గుమాస్తా కూడా, ఒప్పుకుంటే జరిమానాతో పోతుందని చెప్పాడట. జడ్జిగారు నేరం ఒప్పుకుంటున్నారా అని అడగగానే తాతయ్య చేతులు జోడించి ఆ మాటే అన్నాడు. ఆ నేరానికి చట్టంలో రాసిన కనీస శిక్ష ఏడాది. ఆ ఏడాదీ పడింది.

బెజవాడ జైలుకు నన్ను తీసుకెళ్ళిన రోజు మా నాన్న ఒక లాయరుగారిని వెంటబెట్టుకొచ్చాడు. దోపిడీకి తుపాకీ దాచుకున్నవాడికీ, పందులను తోలే రైతుకూ తేడా చూడకుండా ఏడాది వేయమనే చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని హైకోర్టులో వాదించాలని ఆయన ఆలోచన. తాతయ్య తల అడ్డంగా ఊపాడు. "దణ్ణం పెట్టి ఒప్పుకున్నానండీ. ఇప్పుడు మాట మారిస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

లాయరుగారు విసుక్కోలేదు. "మీ దగ్గర తుపాకీ ఉందని ఒప్పుకున్నారు. ఆ చట్టం న్యాయంగా ఉందని ఒప్పుకోలేదు కదండీ! అది అడగడం మాట మార్చడం కాదు" అన్నారు.

తాతయ్య ఊచల్లోంచి నా వైపు తిరిగాడు. "ఉన్నదే చెప్పావమ్మా నువ్వు. నేనూ అంతే. మనిద్దరం అబద్ధమాడలేదు. ఇక అడగాల్సింది అడుగుదాం" అని కాగితం మీద సంతకం పెట్టాడు. అన్ని రోజుల తరువాత నా నోరు తెరుచుకుంది. కానీ మాట రాలేదు, ఏడుపొచ్చింది.

ఏడాదీ పూర్తిగా ఉండి, సగమై తిరిగొచ్చాడు. దగ్గు వదల్లేదు. మరుసటి వానాకాలంలో పోయాడు. ఆ తరువాత ఎప్పటికో పిటిషన్ విచారణకు వస్తే, అడిగిన మనిషే లేడు కనుక ఇక తేల్చాల్సింది లేదని మూసేశారు. కోర్టు నుంచి వచ్చిన ఆ కాగితం మా నాన్న చదువుతుంటే ఇంటిల్లిపాదీ మళ్ళీ ఏడ్చాం.

ఇప్పుడు నాకు తాతయ్య వయసొచ్చింది. చేసిన పనిని చేశాననే అంటాను, ఆ పైన అడగాల్సింది అడిగి తీరుతాను. మా కోడలు దీన్ని మొండితనం అంటుంది. అననీ. కానీ పక్కింటివాళ్ళు గుమ్మంలో నిలబడి "ఇంట్లో నిచ్చెన ఉందా అండీ?" అన్నా సరే, జవాబు చెప్పేముందు నా చూపు పైకి పోతుంది. ఇది స్లాబు ఇల్లు. పైన దూలమే లేదు. అయినా చూస్తాను.