కుర్డయిల మీద ఇంటిగ్రేషన్

పదంటే పది నిమిషాల్లో మూడు రోజుల చాకిరీనీ, పక్కింటివాళ్ళతో ఏళ్ళనాటి స్నేహాన్నీ నీళ్ళపాలు చేయబోయిన ఘనత నాది. అందుకు నేను వాడిన ఆయుధం కాలిక్యులస్. మీరు నవ్వుకోవచ్చు, నేనేమీ అనుకోను.

మా నాన్నది చంద్రపూర్‌లో బొగ్గు గనిలో ఉద్యోగం. నేను పన్నెండో తరగతి ట్యూషన్‌లో చేరిన వేసవి అది. ఎండలు ముదరగానే అమ్మా, నేను కాకూ అని పిలిచే పక్కింటి మరాఠీ పిన్నీ కలిసి మా డాబా మీద ఏడాదికి సరిపడా కుర్డయిలు పెట్టేవారు. మూడు రోజులు గోధుమలు నానబెట్టి, పాలు తీసి, ఉడికించి, మురుకుల గొట్టంతో పాత చీరల మీద వత్తే వడియాలవి. ఆరకముందు తడిస్తే మళ్ళీ గంజే. ఆ రోజు పొద్దున వత్తినవి డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కనే ఆరుతున్నాయి.

"మోటరు పెడుతున్న. పైన నిలబడి, ట్యాంకు నిండంగనే చెప్పు," అంది అమ్మ.

ఆ ఎండలోనా? ఇంటిగ్రేషన్ నేర్చుకున్నదాన్ని, నేను నిలబడతానా? నీళ్ళు ఏ క్షణాన ఎంత వేగంతో వస్తున్నాయో తెలిస్తే, ఆ చిన్న చిన్న మొత్తాలన్నీ కూడి ఎన్ని నీళ్ళో చెప్పేయొచ్చు. నిజంగా అలా జరుగుతుందా అని నాకు ఒకటే తహతహ. మా మోటారు మొదట జోరుగా పోసి, పోనుపోనూ నీరసిస్తుంది. ముందురోజే బకెట్టు పెట్టి, ఫోనులో టైము చూసి, ఆ వేగానికి సూత్రం కట్టాను. ఐదువందల లీటర్ల ట్యాంకు నిండడానికి సరిగ్గా పది నిమిషాలు. హాయిగా కూలర్ ముందు కూర్చున్నాను.

"మీద నీళ్ళ చప్పుడైతుంది, చూసినవా?" వంటింట్లోంచి అమ్మ.

"ఇంకా నాలుగు నిమిషాలున్నయమ్మా. లెక్క చేసిన."

"లెక్క ఏంది? పోయి చూడు."

"చూసే పని లేకుండనే కదా ఈ లెక్క."

అంతలో కాకూ గుమ్మంలోకి వచ్చింది. "పోరీ, మా గోడకు పానీ ఎందుకు కారుతుంది?"

"ఇంకా మూడు నిమిషాలు కాకూ," అన్నాను. ఈ ఒక్క మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పైకి పరుగెత్తేసరికి సగం కుర్డయిలు గంజిగా మారి తూము వైపు సాగిపోతున్నాయి. కాకూ తడి చీర అంచు పట్టుకుని, మిగిలినవాటిని పొడి వైపుకు లాగుతోంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

మోటారు ఆపి వచ్చిన అమ్మ, "ట్యాంకుల ముందుగాలనే సగం నీళ్ళున్నయి. మూత తీసి చూసినవా?" అంది.

చూడలేదు. ట్యూషన్ సారు ప్రతి ఇంటిగ్రేషన్ చివరా 'సి' అనే స్థిరాంకం కలిపి రాయమనేవారు, రాయకపోతే అర మార్కు కోసేవారు. అదొక మర్యాద కాబోలు అనుకున్నాను. వేగం ఎంత బాగా తెలిసినా మొదట ఎంత ఉందో అది చెప్పదు, చెప్పేది ఆ 'సి' అని గంజిలో నిలబడ్డాక అర్థమైంది. ఏడుపొస్తూనే ఉంది, లోపల సంతోషంగానూ ఉంది.

"అమ్మా, సి అంటే ముందుగాల ఉన్న నీళ్ళే."

"మంచిది. పోయి గోధుమలు నానబెట్టు."

నానబెట్టాను. నాలుగో రోజు చేతులు బొబ్బలెక్కేలా వత్తాను కూడా. కాకూ మనసు కరిగింది. ఆ వారం పరీక్షలో పశ్చాత్తాపంతో ప్రతి ఇంటిగ్రేషన్ చివరా పెద్దగా 'సి' రాశాను. ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా కూడాలో హద్దులిచ్చిన లెక్కలకు అది అక్కర్లేదట. మార్కులు మళ్ళీ పోయాయి.

కాబట్టి సకల జనుల సమక్షంలో ప్రతిజ్ఞ చేస్తున్నాను: మోటారు నడుస్తుండగా ఇక జన్మలో పెన్ను ముట్టను. ఎండలోనే నిలబడతాను.