ప్రింటర్ పోర్టు పట్టుకున్న చివరి అంకె

పాట మధ్యలో తెగిపోయింది. తెగేటప్పుడు పిల్లల గదిలోంచి 'టప్' మని ఒక మొద్దు చప్పుడు వచ్చింది, స్పీకర్‌ని ఎవరో బొటనవేలితో లోపలికి నొక్కినట్టు. నేను వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. చెయ్యి నీళ్ళలోనే ఆగిపోయింది. పాట పూర్తయినప్పుడు ఆ చప్పుడు రాదు. ఆ పాట పాడింది నేనే, దాన్ని వినిపించే ప్రోగ్రాం రాసిందీ నేనే, కాబట్టి నాకు తెలుసు.

బాబు ఏడవలేదు. ఏడవలేదంటే నిద్రపోయాడనుకున్నాను. ప్రతిదానికీ భయపడతానని ఇంట్లో నాకు పేరుంది. ఈ భయాన్ని కూడా అందులో కలిపేసి, రైస్ కుక్కర్ స్విచ్ నొక్కాను.

అప్పుడు మేం పరాయి దేశంలో, అల్ఫారెట్టా అనే ఊళ్ళో, మేడ మీద అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. పాపకి అయిదేళ్ళు. బాబు ఇంకా పాకుతున్నాడు. నేను డిపెండెంట్ వీసా మీద ఉన్నాను, ఉద్యోగం చేయడానికి లేదు. బాబు నా పాట వింటేనే పడుకునేవాడు, ఆపితే లేచేవాడు. పాడీ పాడీ నా గొంతు పోయింది. ఆ రోజుల్లోనే మా ఆయన ఆఫీసులో పారేస్తున్న ఒక పాత కంప్యూటర్ ఇంటికి తెచ్చారు. అందులో సౌండ్ కార్డ్ లేదు. వెనకాల ప్రింటర్ తగిలించే వెడల్పాటి పోర్టు మాత్రం ఉంది.

ఆ పోర్టు చూడగానే నాకు కాలేజీ ల్యాబ్ గుర్తొచ్చింది. దాన్లోంచి ఎనిమిది తీగలు బయటికి వస్తాయి. వాటికి రెసిస్టర్లు నిచ్చెన మెట్లలా కలిపితే, ప్రోగ్రాం పంపిన అంకె వోల్టేజిగా మారుతుంది. పెద్ద అంకెకి ఎక్కువ, చిన్న అంకెకి తక్కువ. అంకెల్ని సెకనుకి వేలల్లో పంపితే స్పీకర్‌లో మనిషి గొంతు వినిపిస్తుంది. అంతకంటే ఏమీ లేదు అందులో. మా ఆయన లాప్‌టాప్‌లో నా పాట రికార్డు చేసి, ఫ్లాపీకి పట్టినంత వరకు పాత కంప్యూటర్‌కి మార్చాను. చిన్న ఆంప్లిఫయర్ నేనే సోల్డర్ చేశాను.

"నాలుగేళ్ళ ఇంజనీరింగ్ ఉయ్యాల ఊపడానికి పనికొచ్చిందన్నమాట," అన్నారు ఆయన.

"మీ ఇంజనీరింగ్ అది కూడా చేయలేదు కదండీ," అన్నాను. నవ్వారు. నేనూ నవ్వాను కానీ, మొదటిసారి స్పీకర్‌లో నా గొంతు విన్నప్పుడు బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. ఆ దేశానికి వచ్చాక నేను చేసిన పనుల్లో మర్నాటికి కూడా మిగిలి ఉన్నది అదొక్కటే.

స్పీకర్‌కి ముందు ఒక కెపాసిటర్ పెట్టాలి. ఊగే కరెంటునే అది పోనిస్తుంది, కదలకుండా నిలబడిపోయిన కరెంటుని ఆపేస్తుంది. నా దగ్గరున్నది మరీ చిన్నది. అది పెడితే గొంతు పలచబడి, రేకు డబ్బాలోంచి పాడినట్టుంది. బాబు ఆ గొంతుకి పడుకోలేదు. తీసేశాను. తీసేశాక పడుకున్నాడు. కంప్యూటర్, ఆంప్లిఫయర్ హాల్లో ఉండేవి. అక్కడి నుంచి పొడుగు వైరు లాగి, స్పీకర్‌ని నా పాత కాటన్ చున్నీలో చుట్టి, వాడు పడుకునే క్రిబ్ కమ్మీకి కట్టాను. మూలలు వాడికి గుచ్చుకోకూడదని చున్నీ.

కుక్కర్ స్విచ్ నొక్కిన కాసేపటికి వాసన వచ్చింది. అన్నం వాసన కాదు. వార్నిష్ మాడుతున్న వాసన. ల్యాబ్‌లో ఆ వాసన వస్తే అందరం ఒకేసారి మెయిన్ స్విచ్ వైపు పరిగెత్తేవాళ్ళం.

గదిలో ఏ శబ్దమూ లేదు. చున్నీ నడిమధ్యన గోధుమరంగు మచ్చ ఒకటి, నేను చూస్తుండగానే నల్లబడుతోంది. అందులోంచి సన్నగా పొగ. దాని కిందే బాబు, నోరు కొద్దిగా తెరుచుకుని, చెంప కమ్మీకి ఆనించి నిద్రపోతున్నాడు. కాలు పట్టుకుని లాగానో, చెయ్యి పట్టుకుని లాగానో గుర్తులేదు. వాడు గుక్కపట్టాడు. హాల్లోకి పరిగెత్తి ప్లగ్ పీకి, పాపని రెక్క పట్టుకుని మెట్లు దిగాను. వెనకాల స్మోక్ అలారం మొదలైంది.

పార్కింగ్ లాట్‌లో తారు కాళ్ళు కాలుస్తుంటే తెలిసింది, చెప్పుల్లేవని. చేతిలో కార్డ్‌లెస్ ఫోన్ ఉంది. ఎప్పుడు తీసుకున్నానో తెలియదు. కుక్కని తిప్పుతున్న ఒక పెద్దావిడ ఆగింది.

"ఎవ్రీథింగ్ ఓకే, హనీ?"

"యెస్, యెస్. జస్ట్ కుకింగ్."

ఆవిడ మేడ వైపు చూసి, నా కాళ్ళ వైపు చూసి, వెళ్ళిపోయింది. ఫైరింజన్‌ని పిలవాలని నాకు తెలుసు. కానీ వాళ్ళు వస్తే క్రిబ్‌కి కట్టిన తీగలు చూస్తారు. ఎవరు చేశారని అడుగుతారు. పిల్లల్ని మా దగ్గర ఉంచరేమోనని, వీసా ఏమవుతుందోనని, ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఆ ఫోన్‌తో ఆయనకే చేసి, ఇంట్లో పొగ అని చెప్పాను.

"పొయ్యి ఆపావా?"

"పొయ్యి కాదండీ. నేను చేసిందే. స్పీకర్."

"బాబు?"

"చంకలో ఉన్నాడు. ఏడుస్తున్నాడు."

"ఏడవనీ. వస్తున్నా. నువ్వు లోపలికి వెళ్ళకు."

ఫోన్ పెట్టేశాక పాప నా డ్రెస్ అంచు లాగింది. "అమ్మా, నేనే స్టాప్ చేశా. తమ్ముడు స్లీప్ అయిపోయాడు కదా. ఏ కీ నొక్కినా ఆగుతుందని నువ్వే చెప్పావు. స్పేస్ నొక్కా."

ఆ ఎండలో నిలబడే నా ప్రోగ్రాం మొత్తం కళ్ళముందు చదువుకున్నాను. అది ముగియడానికి రెండు దారులున్నాయి. పాట అయిపోతే, చివరగా మధ్య అంకె పంపి ముగుస్తుంది. ఆ అంకె దగ్గర స్పీకర్‌లో కరెంటు ఉండదు, అలా నేనే సరిచేసి పెట్టాను. ఎవరైనా కీ నొక్కితే మాత్రం ఏమీ పంపకుండా ముగుస్తుంది. ఆ దారిలో ఆ ఒక్క లైను రాయలేదు. పోర్టు మాత్రం తనకి చెప్పిన చివరి అంకెని ఇంకోటి చెప్పేదాకా పట్టుకునే ఉంటుంది. నా గొంతు పైకి లేచిన చోట పాప స్పేస్ నొక్కింది. పెద్ద అంకె అక్కడే నిలిచిపోయింది. కరెంటు స్పీకర్‌లోకి తిన్నగా పోతూనే, లోపలి తీగచుట్టని వేడెక్కిస్తూనే ఉంది. చప్పుడు లేదు కాబట్టి ఆగిపోయిందని మేమిద్దరం అనుకున్నాం.

ఆయన వచ్చి పైకి వెళ్ళి, నల్లబడ్డ చున్నీతో దిగి వచ్చారు. అంటుకోలేదట, మాడింది అంతే. హాస్యమేమీ ఆడలేదు. నేను ఎదురుచూశాను, ఆడలేదు.

ఆ రాత్రి నలుగురం ఒకే మంచం మీద పడుకున్నాం. బాబు చెంప ఎర్రగా ఉందేమోనని లైటు వేసి చూస్తూనే ఉన్నాను. పాప గోడ వైపు తిరిగి అంది, "తమ్ముడిని నేను బర్న్ చేశానా?" పడుకో అన్నాను. పిల్లకి ఆ రాత్రంతా జవాబు లేకుండా ఉంచాను. ఇప్పుడు ఇది రాస్తూ కూడా మధ్యలో ఒకసారి లేచి, వాళ్ళ గదిలో వాసన చూసి వచ్చాను.

తెల్లారి ఇద్దరినీ టేబుల్ దగ్గర కూర్చోబెట్టాను. బాబు చెంచాతో టేబుల్ బాదుతున్నాడు. పాప గిన్నెలో కార్న్‌ఫ్లేక్స్ పాలలో నానిపోతున్నా ముట్టుకోలేదు.

"నువ్వు ఆపమన్నావు," అన్నాను. "అది ఆగాలి. ఆగకపోతే, అలా చేసినవాళ్ళది తప్పు. చేసింది అమ్మ."

"నేను నొక్కకపోతే?"

"ఇంకోరోజు ఎవరో నొక్కేవాళ్ళు. బహుశా నేనే, అర్ధరాత్రి, అందరూ పడుకున్నాక. నువ్వు పగలు నొక్కావు. వాడు ఇదిగో, చూడు, చెంచా విరగ్గొట్టేలా ఉన్నాడు."

పాప వాడి వైపు చాలాసేపు చూసింది. తర్వాత ఒక చెంచా తిని, "మరి ఇవాళ సాంగ్ ఎవరు పాడతారు?" అంది.

"నేనే పాడతాను. నువ్వు ఆపు అంటే, ఆగిపోతాను."