పటాన్‌చెరులో పడటం నేర్పే షెడ్డు

కిందటి శ్రావణంలో మా చెల్లెలు విజయ వంటింట్లో జారిపడింది. పొద్దున పదింటికి పడితే, పనిమనిషి వచ్చి చూసిన సాయంత్రం నాలుగింటి దాకా ఆ గచ్చు మీదే ఉంది. గట్టు మీద ఫోను మోగుతూనే ఉందట. చేసింది నేనే. తుంటి ఎముక విరిగి మంచం పట్టింది, మూడు నెలలకు పోయింది. "ఎముక కంటే ముందే కండ పోయిందమ్మా ఈమెకు" అన్నాడు డాక్టరు.

దినాలయ్యాక ఒకరోజు నేనూ నేల మీద కూర్చుని, మంచం పట్టుకోకుండా లేవడానికి ప్రయత్నించాను. లేవలేకపోయాను. నాకు అరవై మూడేళ్లు. హనుమకొండ సర్కారు బడిలో ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు చెప్పాను. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలో పనిచేసే నా పాత విద్యార్థిని ఒకామె ఫోనులో చెప్పింది: "టీచర్, ఈడ రాజమణి మేడం అని ఉన్నది. ముసలోళ్లకు జూడో నేర్పిస్తది, బరువులు లేపిస్తది. ఒకసారి వచ్చి సూడండి." వెళ్లి చూసి, నావంటి వాళ్లకు పనికొస్తుందేమో రాద్దామనుకున్నాను.

తెల్లవారుజామున ఐదింటికి కాజీపేటలో లింగంపల్లి దాకా వెళ్లే రైలెక్కాను. ఎదురు సీట్లో కూరగాయల గంపతో ఒకామె కూర్చుంది. ఎక్కడికని అడిగితే, నా ఈడు ఆడవాళ్లకు కుస్తీ పట్లు నేర్పే చోటికి అని చెప్పాను. ఆమె నన్ను కాళ్ల నుంచి తల దాకా చూసింది.

"ఈ వయసుల ఎవలితోని కొట్లాట వెట్టుకుంటరమ్మా?" అని, దోసెడు పల్లీలు నా ఒళ్లో పోసింది.

ఎనిమిదింపావుకు లింగంపల్లి. స్టేషను బయట ఇడ్లీ తిని, ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ల ఉచిత జీరో టికెట్టు మీద పటాన్‌చెరు బస్సెక్కాను. ముంబై రోడ్డు పొడవునా లారీలు, ఫ్లైఓవర్లు, భుజాన సంచులతో నడిచే బీహారు, ఒడిశా కూలీలు. పటాన్‌చెరులో దిగగానే మందుల ఘాటు గొంతులో పడింది. కుళ్లిన గుడ్డు, స్పిరిటు కలిపినట్టుండే వాసన. మెయిన్ రోడ్డు మీదే లాడ్జీలో గది తీసుకున్నాను. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే లాడ్జీ ఆయన నవ్వాడు. "రెండు దినాలుండండి. ఇగ మీకు వాసననే రాదు."

రాజమణి ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. షిఫ్టు దిగే ఆడవాళ్ల సంచులు వెతకడం ఆమె పని. యాభై రెండేళ్లుంటాయి. పొట్టిగా, వెడల్పాటి భుజాలతో, కుడికాలు కొద్దిగా ఈడుస్తూ నడుస్తుంది. చిన్నప్పుడు స్పోర్ట్స్ హాస్టల్‌లో జూడో నేర్చుకుని రాష్ట్రం తరఫున ఆడింది. మోకాలు పోయాక ఆట పోయింది. రెండున్నరకు డ్యూటీ దిగి, నన్ను వెంటబెట్టుకుని తన షెడ్డుకు తీసుకెళ్లింది.

మూతపడిన ప్లాస్టిక్ డబ్బాల గోదాము అది. నేల మీద ప్యాకింగ్ ఫోము పొరలు పొరలుగా పరిచి, పైన టార్పాలిన్ లాగి కట్టారు. ఇసుక నింపిన రంగు డబ్బాలు, ఇసుక సంచులు, ఒక లారీ టైరు, తుప్పు పట్టిన రెండు జతల డంబెల్స్. మూడింటికి పన్నెండు మంది వచ్చారు. క్యాంటీన్లలో వండేవాళ్లు, ఊడ్చేవాళ్లు, ఒకరిద్దరు అమీన్‌పూర్ అపార్టుమెంట్లలో పనిచేసి వచ్చినవాళ్లు. యాభై అయిదు లోపు వాళ్లు ఎవరూ లేరు. కొందరు పాత పంజాబీ డ్రెస్సుల్లో ఉన్నారు, కొందరు చీరను గోచి పెట్టి కట్టారు.

"ముందు పడుడు" అంది రాజమణి నాతో, గడ్డం ఛాతీకి ఆనించి చూపిస్తూ. "గదవ ఛాతికి అంటాలె. తలకాయ నేలకు తాకొద్దు. చెయ్యి చాపి నేలను కొట్టాలె, దెబ్బంత చెయ్యి తీసుకుంటది."

పన్నెండు మందీ వరసగా పడ్డారు. ఫోము మీద చేతులు పడిన చప్పుడు రేకుల కప్పు కింద తుపాకీ పేలినట్టు మోగింది. తర్వాత లేవడం, తర్వాత బరువులు. నన్ను కూర్చుని లేవమన్నారు. మూడుసార్లు ప్రయత్నించి ఒక పక్కకు ఒరిగిపోయాను. ఎవరూ నవ్వలేదు. "మేమందరం గట్లనే ఉంటిమి" అంది ఒకామె.

మూలన ఒక బక్కపలచని మనిషి ఎవరితోనూ కలవకుండా ఒకే పని చేస్తోంది. మనిషంత పొడవు ఇసుక సంచిని కూర్చోబెట్టినట్టు నిలబెట్టి, వెనక నుంచి రెండు చేతులూ చుట్టి, నడుము వంచకుండా కాళ్ల మీద బలం వేసి పైకి లేపుతోంది. దింపుతోంది, మళ్లీ లేపుతోంది. పేరు ఎల్లమ్మ, అరవై ఏళ్లు, క్యాంటీన్‌లో అంట్లు తోముతుంది. కుడికంట్లో శుక్లం తెల్లగా కనిపిస్తోంది.

"ఆమె భర్త అంజయ్యకు పక్షవాతం" అని రాజమణి నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "నాలుగేండ్లాయె. ఎడమ పక్క పడిపోయింది. కుడిచెయ్యి మంచిగుంది. ఆ చెయ్యితోనే కొడ్తడు. ముప్పై ఏండ్ల నుంచి కొట్టిన చెయ్యి, అది ఊకుంటదా? లేపబోతే మొఖం మీద కొడ్తడు. ఆమెకు ఆయన్ని లేపుడు, దెబ్బ తప్పించుకునుడు, రెండూ నేర్పాల్సొచ్చింది."

రాజమణి నేర్పిన పట్టు ఇది. మనిషిని కూర్చోబెట్టి, ఆయన మంచి చేత్తో ఆయన చచ్చుబడిన మణికట్టును ఛాతీ మీద పట్టుకోమనాలి. వెనక నుంచి చంకల కింద చేతులు దూర్చి, ఆ ముంజేతులనే పట్టుకుని లేపాలి. అలా పట్టుకుంటే కొట్టడానికి చెయ్యి ఖాళీ ఉండదు. కానీ అంజయ్య ఏనాడూ తనంతట తాను చెయ్యి కట్టుకోడు. ఆమే పెనుగులాడి పట్టుకోవాలి.

"కంటి ఆపరేషన్ చెయ్యాలన్నరు" అంది ఎల్లమ్మ చెమట తుడుచుకుంటూ. "నెల దినాలు బరువు లేపొద్దట. ఆయన్ని ఎవలు లేపాలె? రేపు మా బావ కాడికి పోతున్న. సంగారెడ్డి అవతల కొండాపూర్ దిక్కు ఊరు మాది. ఒక్క నెల ఉంచుకోమంట."

"మీరు కూడ పోండి టీచరమ్మా" అంది రాజమణి. "సదువుకున్నోళ్లు చెప్తే వింటరేమో."

మర్నాడు ఎనిమిదింటికి ఎల్లమ్మ ఉండే కిరాయి గదికి వెళ్లాను. ఒకే గది, గోడకు ఆనించి మంచం. అంజయ్య పెద్ద మనిషి, ఆమెకు రెండింతలుంటాడు. నన్ను చూసి నోరు ఒక పక్కకు లాగి ఏదో తిట్టాడు. ఎల్లమ్మ వెనక చేరి, ఆయన కుడిచేతిని దొరకబుచ్చుకుని, ఒక్క ఊపున లేపింది. నిలబెడితే ఆమె భుజాన ఆని నాలుగడుగులు వేయగలడు. తొమ్మిదింటికి ముగ్గురం సంగారెడ్డి బస్సెక్కాం, ముప్పావు గంట. అక్కడి నుంచి ఆటో. దారిలో ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారికి మొక్కుకుని వస్తున్న వాళ్ల ట్రాక్టరు ఎదురైంది. ఎల్లమ్మ చెంపలు వేసుకుంది.

పదకొండింటికి ఊళ్లోకి చేరాం. అంజయ్య అన్న మల్లయ్యది రెండంతస్తుల ఇల్లు, వాకిట్లో ట్రాక్టరు, పక్కన పత్తి బస్తాలు. మా ముగ్గురికీ కుర్చీలు వేశారు, చాయ్ ఇచ్చారు. తమ్ముడి చెయ్యి పట్టుకుని మల్లయ్య కంటనీరు పెట్టుకున్నాడు కూడా. ఎల్లమ్మ విషయం చెప్పింది. నేనూ నాకు తెలిసినంత మర్యాదగా చెప్పాను. ఒక్క నెలే అన్నాను. ఆపరేషన్ చేయించుకోకపోతే ఆ కన్ను పోతుందన్నాను. ఇంట్లో ఆయన కొడుకులిద్దరున్నారు కదా, ఎత్తడం కష్టం కాదన్నాను.

మల్లయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఎల్లమ్మా, నువ్వు ఆడ కుస్తీ నేర్సుకుంటున్నవంట గదా. ఊరంత నవ్వుతున్నరు. మనిషంత సంచి లేపుతవట. మరి గంత బలముంటే మొగుణ్ని లేపనీకి మేమెందుకు?"

"నెల దినాలు బావా. కన్ను కోసం."

"బలమున్నోళ్లే మొయ్యాలె" అన్నాడాయన. "నా పెండ్లాం సెంబు గూడ ఎత్తలేదు, మోకాళ్ల నొప్పులు. తినిపోండి, అన్నం అయ్యింది."

ఎల్లమ్మ అన్నం వద్దంది. అంజయ్య మాత్రం అన్న ఇంట్లో తిని, నిండా రెండుసార్లు పెరుగు పోయించుకున్నాడు. ఆమె పక్కన నిలబడి తినిపించింది.

ఒంటిగంటకు సంగారెడ్డి బస్టాండు. నేను రెండు అరటిపండ్లు ఇస్తే ఎల్లమ్మ ఒకటి తిని, ఒకటి ఆయనకు దాచింది. రెండింటికి పటాన్‌చెరు బస్సు దొరికింది. వాళ్లు ముందు సీట్లో, నేను వాళ్ల వెనకే. బస్సు కదిలిన కాసేపటికి అంజయ్య కుడిచెయ్యి లేచి ఎల్లమ్మ చెవి మీద పడింది. కారణం ఏమిటో నాకు తెలీదు. కిటికీ మూయలేదనో, ఎండనో. రెండో దెబ్బ పడబోతుంటే ఆమె మణికట్టు అందుకుని, మెలిపెట్టి, తన ఒళ్లో అదిమి పెట్టింది. ఆయన అరిచాడు.

పక్క సీట్లో ఉన్న పెద్దమనిషి కసిరాడు. "ఏందమ్మా గది? బీమారి మనిషి చెయ్యి గట్ల విరుస్తవా?"

మొదటి దెబ్బ ఆ పెద్దమనిషీ చూశాడు. నేను ఆయన చూపు అటు ఉండటం గమనించాను. ఎల్లమ్మ చెయ్యి వదల్లేదు. నేను కిటికీ వైపు తిరిగాను.

మూడింటికి పటాన్‌చెరులో ఆగింది. ఎల్లమ్మ ముందు దిగి, వెనక్కి తిరిగి, ఆయన్ని మెట్ల మీద నుంచి భుజాన ఆనించుకోబోయింది. అంజయ్య కుడిచేతిని ఆమె మొహానికి ఆనించి బలంగా నెట్టాడు. ఇద్దరూ రోడ్డు పక్కన వెల్లకిలా పడ్డారు, ఆమె కింద, ఆయన పైన. ఆమె గడ్డం ఛాతీకి అంటుకోవడం, ఎడమచెయ్యి చాచి నేలను కొట్టడం మెట్టు మీద నుంచి చూశాను. కంకర మీద ఆ చప్పుడు వినిపించింది. తల నేలకు తగల్లేదు.

ఆమె పక్కకు దొర్లి లేచి నిలబడింది. మోచెయ్యి నుంచి రక్తం కారుతోంది. అంజయ్య దుమ్ములో కూలబడి ఉన్నాడు, దెబ్బలేమీ తగల్లేదు. బస్సు వెళ్లిపోయింది. పదిహేను మంది గుమిగూడారు.

"లేపమ్మా, సూస్తవేంది?"

"లేపుత. జెర ఆగుండ్రి" అంది ఎల్లమ్మ. ఆయన ముందుకు వచ్చి నిలబడింది. "చెయ్యి కట్టుకో."

ఆయన తిట్టాడు.

"కట్టుకుంటేనే లేపుత."

ఒక యువకుడు ఆయన్ని పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు బిడ్డా. ఇయ్యాల నువ్వు లేపుతవు. రేపు పొద్దున ఎవలు లేపాలె?"

లారీలు పోతున్నాయి, దుమ్ము ఆయన మీద పడుతోంది. జనం ఆమెను రాక్షసి అన్నారు. ఒకామె ఫోనులో వీడియో తీసింది. నేను ఎల్లమ్మకు ఆరడుగుల దూరంలో ఉన్నాను. అరవై మంది పిల్లల గోలను ఒక్క మాటతో ఆపిన గొంతు నాది. అది ఆ పూట పెగల్లేదు. భయమో, సిగ్గో, ఆ జనంలో నేను కూడా ఒకదాన్నో, ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

పది నిమిషాలు పట్టింది. అంజయ్య మొదట ఏడ్చాడు. తర్వాత, ఎవరినీ చూడకుండా, కుడిచేతిని తెచ్చి ఎడమ మణికట్టు మీద వేసుకున్నాడు. ఎల్లమ్మ వెనక్కి వెళ్లి, కూర్చుని, చంకల కింద చేతులు దూర్చి, ఒక్క ఊపిరిలో ఆయన్ని నిలబెట్టింది.

గదికి చేరాక మోచేతికి కట్టు కడుతూ, ఆ పది నిమిషాలు ఏమనిపించిందని అడిగాను.

"నేను కింద పడి ఉంటే ఆయన నిలవడి సూసేటోడు టీచరమ్మా, ఎన్నోసార్లు. గట్ల సూస్తే ఎట్లుంటదో అనుకునేదాన్ని." కట్టు సరిచేసుకుంది. "ఏం బాగ లేదు."

నాలుగున్నరకు షెడ్డు దగ్గర రాజమణికి జరిగింది చెప్పాను. ఆమె క్లాసు ఆపి, ఎల్లమ్మ కంటి ఆపరేషన్‌కు నెల రోజులు వంతులవారీగా అంజయ్యను లేపడానికి ఎవరు వస్తారని అడిగింది. నలుగురు చేతులెత్తారు. మిగిలినవాళ్లు తలలు దించుకున్నారు. నలుగురికీ షిఫ్టులు కలవవు. "సూద్దాం" అంది రాజమణి. ఆపరేషన్‌కు తేదీ అయితే ఇంకా అనుకోలేదు.

వెళ్లేవాళ్ల కోసం: షెడ్డుకు బోర్డు లేదు, రాజమణి పేరు చెబితే ఆటోవాళ్లు చూపిస్తారు. క్లాసు మూడు నుంచి అయిదు దాకా. పడటం నిజంగానే నేర్పుతారు. అది ఎముకలను కాపాడుతుంది, ఆ రోజు నా కళ్ల ముందే ఒక తలను కాపాడింది. కండ పెరిగినంత మాత్రాన ఇంట్లో బరువు తగ్గుతుందని మాత్రం నేను రాయలేను. మరికొంత పెరగవచ్చు కూడా.

ఆరున్నరకు లింగంపల్లిలో రైలెక్కాను. పక్కన రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకాయన కూర్చున్నాడు, మాటకారి. ఎక్కడికి వెళ్లొస్తున్నారని అడిగితే మొత్తం చెప్పాను. షెడ్డు, మల్లయ్య, బస్సులో దెబ్బ, రోడ్డు మీద పది నిమిషాలు. ఆయన శ్రద్ధగా విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"పాపం, ఆ ముసలాయన" అన్నాడు.

అప్పటికి సికింద్రాబాద్ దాటింది. నేను ఆయన వైపు తిరిగి కూర్చున్నాను. జనగామ వచ్చేదాకా ఆగకుండా మాట్లాడాను. పెట్టెలో వాళ్లందరూ మా వైపు తిరిగి చూశారు, అయినా గొంతు తగ్గించలేదు.