పదకొండు నెలల కాగితం

డెబ్బైల్లో తిరుపతిలో దేవుడి పటాలు కట్టే అంగడి పెడదామని ఒక గది చూసుకున్నాను. గది సొంతదారు బడిలో చెప్పి రిటైరైన అయ్యవారు. ఆయన ఇచ్చిన బాడుగ కాగితంలో గడువు పదకొండు నెలలని ఉన్నింది. నాకు ఒళ్ళు మండింది.

"ఆ ఒక్క నెల యాడికి పోయింది సామీ? అంగడి నిలదొక్కుకోగానే నన్ను ఎల్లగొట్టేదానికా?" అన్నాను.

ఆయన నవ్వినాడు. ఆ నవ్వు నాకు బొత్తిగా నచ్చలేదు.

పక్కనే ఉన్న దస్తావేజులు రాసే ఆయన, "ఏడాది దాటితే రిజిస్టరు చేయించాలప్పా, అదొక ఖర్చు. అందుకే ఊరంతా పదకొండే రాసుకుంటారు" అన్నాడు.

"దాటితే గదా? పన్నెండు రాస్తే దాటినట్టు కాదే!" అన్నాను. ఆయన కలం కింద పెట్టేసినాడు.

ఇద్దరూ కూడబలుక్కున్నారనుకుని, చిత్తూరు పోయి ఇంకో దస్తావేజులాయన్ను అడిగినాను. ఆయనా అదే మాట చెప్పినాడు. ఈయనకూ కబురు అందినట్టుండాదే అనుకుంటానే సంతకం పెట్టినాను.

పదకొండు నెలలకొకసారి కాగితం మార్చుకుంటా ఆ గదిలోనే ఏళ్ళు గడిపినాను. అయ్యవారు ఒక్కసారి కూడా ఖాళీ చేయమనలేదు.

ఎనభైల చివర్లో నేనే రెండు గదులు కట్టి, ఒకటి బట్టలు కుట్టే ఒకామెకు బాడుగకిచ్చినాను. ఆమె కాగితమంతా చదివి, "పదకొండు నెలలే ఎందుకు?" అని అడిగింది.

"రూలు అంతేమ్మా" అని నవ్వినాను. ఆమె నా మొహంలోకే చూస్తా నిలబడింది.

ఆమె అనుమానం నిజమే. మరుసటి ఏడు ఆ గది మా అల్లుడికి కావాల్సి ఉన్నింది.