మేం చూడని గ్రహణం

మా ఆయనకి ఒకటి పట్టుకుందంటే ఇంకొకటి కనిపించదు. డెబ్బై ఎనిమిది క్రిస్మస్ వెళ్ళిందో లేదో, అమెరికాలో, శాన్ రామన్‌లోని మా ఇంట్లో డైనింగ్ టేబుల్ నిండా ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల మ్యాపులు పరిచారు. ఫిబ్రవరి చివర్లో సంపూర్ణ సూర్యగ్రహణం. అది పూర్తిగా కనిపించాలంటే ఉత్తరాన కొలంబియా నది దాకా వెళ్ళాలి. మళ్ళీ ఇటువైపు ఇలాంటి గ్రహణం వచ్చేసరికి మనం ముసలాళ్ళమైపోతామని రోజూ అదే పాట. టేబుల్ మీద చోటు లేక మేము సోఫాలో కూర్చుని కంచాలు ఒళ్ళో పెట్టుకుని తినేవాళ్ళం.

నాకప్పుడు మూడో నెల. ఆయన ఆఫీసులోని ఒక అమెరికన్ తన ఆర్‌వీ ఇస్తానన్నాడు. నిజం చెప్పాలంటే ఆ బండి నా కోసమే. "కార్‌లో అయితే నీకు నడుం పట్టేస్తుంది. ఇందులో బెడ్ ఉంది, బాత్రూమ్ ఉంది, స్టవ్ ఉంది. నువ్వు పడుకో, నేను డ్రైవ్ చేస్తా" అన్నారు. చలికి ట్యాంకులో నీళ్ళు గడ్డకడతాయని ఆ అమెరికన్ హెచ్చరిస్తే, నీళ్ళు డబ్బాల్లో తీసుకెళ్దామన్నారు. కొండదారిలో మంచు పడితే టైర్లకి చైన్లు ఎలా తగిలించాలో మా ఇంటి ముందు పొడి నేల మీద, ఎండలో, టీషర్టు వేసుకుని ప్రాక్టీస్ చేశారు. పక్కింటివాళ్ళు ఏమనుకున్నారో ఏమో. నేనూ నవ్వుకుంటూనే కారప్పొడి, నిమ్మకాయ పచ్చడి సీసాలకెత్తాను.

మేము క్రైస్తవులం. బే ఏరియాలో ఉన్న కొద్దిమంది తెలుగువాళ్ళం నెలకోసారి ఒక హాలు తీసుకుని ఆరాధన పెట్టుకునేవాళ్ళం. ఫిబ్రవరిలో ఒకరోజు ప్రార్థన అయ్యాక, మా అందరిలోకి పెద్దావిడ నన్ను పక్కకి పిలిచింది.

"గ్రహణం చూట్టానికి వెళ్తన్నారంటగా?"

"అవునాంటీ. ఆర్‌వీలో."

"మనం అయ్యన్నీ నమ్మం అనుకో. అయినా కడుపుతో ఉన్నదానివి, ఎందుకొచ్చిన గొడవ? లోపలుంటే పోయేదేముంది?"

అగ్గిపుల్ల గీసి పడేసి, ఆవిడ చక్కగా ఉప్మా వడ్డించడానికి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మీద కాదు, నా మీద నాకే. ఆ మాట నా లోపల అప్పటికే తిరుగుతోంది.

మా అమ్మ బందరు దగ్గర ఊళ్ళో సండే స్కూల్ టీచరు. తమ్ముడు కడుపులో ఉండగా ఒక గ్రహణం వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్ళు ఆ సమయంలో బయటికి రాకూడదు, ఏదీ కోయకూడదు, కోస్తే బిడ్డకి గ్రహణమొర్రి వస్తుందని ఊరి నమ్మకం. అందరూ తలుపులు వేసుకున్నారు. అమ్మ మాత్రం కత్తిపీట తెచ్చి వీధి అరుగు మీద వేసుకుని, ఊరంతా కిటికీ సందుల్లోంచి చూస్తుండగా చేపలు కోసింది. దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళకి గ్రహణాలు లేవంది. తమ్ముడు పైపెదవి చీలి పుట్టాడు. మిషన్ ఆసుపత్రిలో కుట్టినా మచ్చ పోలేదు. అమ్మ ఆ సంగతి మళ్ళీ ఒక్కనాడూ ఎత్తలేదు. కానీ తర్వాత ఏ గ్రహణం వచ్చినా, ఎండ చురుక్కుమంటోందని తలుపులు మూసేది. ఆ తప్పు తనదేనని అమ్మ మోస్తోందని మాకందరికీ తెలుసు. అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

ఆ సాయంత్రమే మా ఆయనతో చెప్పాను.

"ఎమ్మెస్సీ చదివావు. నమ్ముతున్నావా ఇదంతా?" అన్నారు.

"నమ్మను."

"మరి?"

"భయం. నమ్మకపోయినా భయం ఉంటుందండీ. రేపు ఏమన్నా అయితే మీరు సైన్స్ చెప్తారు. నేను ఆ బిడ్డ మొహం చూస్తూ బతకాలి."

"పోనీ, ఆర్‌వీలోనే ఉండు. కర్టెన్లు వేసేస్తా."

"కర్టెన్లు వేసుకుని పడుకోవడానికి అంత దూరం ఎందుకు? మీరొక్కరే వెళ్ళి చూసి రండి."

అనడం అన్నాను గానీ, ఆయన నిజంగా వెళ్ళుంటే ఊరుకునేదాన్ని కాదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. మ్యాపులు మడతపెట్టేశారు. ఆ అమెరికన్ తన బండిలో తన పెళ్ళాంపిల్లల్ని తీసుకుని వెళ్ళాడు. మా ఇంట్లో ఉప్పు, పప్పు మాటలు తప్ప మాటల్లేవు.

గ్రహణం సోమవారం పొద్దున. ఆయన సెలవు ముందే పెట్టుకున్నారు కాబట్టి ఇంట్లోనే ఉన్నారు. నేను బెడ్‌రూమ్‌లో కర్టెన్లు వేసుకుని వెల్లకిలా పడుకుని ప్రార్థన చేసుకున్నాను. దేవుణ్ణి నమ్ముతూ సూర్యుడికి భయపడి దాక్కున్నందుకు సిగ్గేసింది. ముందుగదిలో టీవీలో గ్రహణం చూపిస్తున్నారు. నాకు వినపడకూడదని ఆయన సౌండ్ పూర్తిగా తీసేశారు. గది మసకబారింది, కాసేపటికి మళ్ళీ వెలుగొచ్చింది. "అయిపోయింది, లే. కాఫీ తాగు" అన్నారు తలుపు తీసి. ఆ గొంతులో దిగులు విని నాకు ఏడుపొచ్చింది.

జూలైలో పాప పుట్టింది. నర్సు పాపని వెంటనే నా చేతికివ్వలేదు. అప్పుడే నాకు అర్థమైంది. పైపెదవి ముక్కు దాకా చీలి ఉంది.

నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. గ్రహణం రోజు గోరైనా గిల్లలేదే, ఏం చేశానని, అదే మాట అంటూ ఉన్నాను. డాక్టరు వచ్చి మీ కుటుంబంలో ఇంకెవరికైనా ఉందా అని అడిగాడు. మా తమ్ముడికని చెప్పాను. ఇది కొన్ని కుటుంబాల్లో వస్తుంటుందని, బిడ్డ పెదవి కడుపులో రెండో నెలకల్లా కలవాలని, కలవకపోతే ఇలా అవుతుందని, ఆపరేషన్‌తో సరిచేస్తామని నెమ్మదిగా చెప్పాడు. అంటే మా ఇంట్లో మ్యాపులు తెరవకముందే అయిపోయింది.

డాక్టరు వెళ్ళాక మా ఆయన మంచం మీద కూర్చున్నారు. "మనం వెళ్ళకపోవడమే మంచిదైంది. వెళ్ళుంటే ఈ డాక్టర్ మాట నువ్వు చచ్చినా నమ్మేదానివి కాదు" అన్నారు. నిజమే. నమ్మేదాన్ని కాదు.

ఇంటికొచ్చాక అమ్మకి ట్రంకాల్ బుక్ చేశాం. ఊళ్ళో ఫోన్ పాస్టరుగారింట్లోనే ఉండేది, అమ్మని అక్కడికి పిలిపించారు. అరిచి మాట్లాడాలి. పాప పెదవి సంగతి చెప్పాను.

"గ్రహణం రోజు బయటికెళ్ళావా?" అంది అమ్మ.

"లేదమ్మా. కర్టెన్లేసుకుని లోపలే పడుకున్నా."

"ఏదన్నా కోశావా?"

"ఏదీ ముట్టుకోలేదు. కుటుంబంలో వస్తదంటమ్మా, డాక్టర్ చెప్పాడు. రెండో నెల్లోనే అయిపోద్దంట."

లైన్లో గరగర మధ్య అమ్మ అడిగింది.

"అయితే తమ్ముడికి... నా వల్ల కాదా?"

"కాదమ్మా" అని గట్టిగా అరిచి చెప్పాను.

పాస్టరుగారింట్లో, అందరూ వింటుండగా, మా అమ్మ బావురుమంది.