మోకు ఎగరేసే భుజం

1983లో నన్ను వరంగల్‌లో ఒక పెద్ద దవాఖాన ఎముకల విభాగానికి సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. యూనిట్ చీఫ్ ఏం రాస్తే అది చేయడం ఆ హోదా పని. నాకు ఆ అలవాటు తక్కువ.

పరకాల వైపు నుంచి సాయిలు అనే గీత కార్మికుడు వచ్చాడు. కుడి భుజం పదేపదే కీలు తప్పుతోంది. తాడిచెట్టు మీద ఉండగా తప్పితే ఏం చేస్తావని అడిగాను.

"ఎడమ చేత్తోని చెట్టును కావలించుకొని ఒర్రుత, డాక్టరమ్మా. మా తమ్ముడు ఎక్కి గుంజుతడు. మీరు కింద గుంజుతరు, గంతే ఫరక్."

ఎక్కడం మానితే తిండి లేదు. మానకపోతే ఏదో ఒకరోజు పడతాడు.

భుజం ముందు కండరాన్ని పొట్టిచేసి కుట్టే ఆపరేషన్ రాశారు చీఫ్. అప్పట్లో అందరూ చేసేది అదే. దాంతో చెయ్యి బయటికి తిరగడం బాగా తగ్గిపోతుంది. కూర్చుని బీడీలు చుట్టేవాళ్ళకైతే సరే సార్, ఇతను మోకు ఎగరేయాలి కదా అన్నాను. వకీలు కావాల్సినదానివి, దారితప్పి ఇటొచ్చావు అన్నారాయన.

వాదన తెగలేదు. సాయిలు మోకు తెప్పించాను. మోకంటే చెట్టునూ నడుమునూ కలిపి చుట్టే తాడు; ఎక్కుతూ దాన్ని చేతులు చాపి పైపైకి ఎగరేస్తూ పోవాలి. చీఫ్ ఎదుటే దాన్ని వరండా స్తంభానికి వేయించాను. చెయ్యి ఎత్తి కొద్దిగా పక్కకు తిప్పాడో లేదో, భుజం జారబోయి మొహం తెల్లబోయింది. మోచెయ్యి పట్టి ఆపాను. అంత తేలిగ్గా జారుతోందంటే తప్పు ఒక్క కండరంలోనే లేదు. చంక వైపు నుంచి ఎక్స్‌రే తీయిస్తే కీలు గిన్నె ముందు అంచు అరిగిపోయి కనిపించింది. ఎదురుగా తీసే మామూలు ఫిల్మ్‌లో అది సరిగా పడదు.

చీఫ్ ఆ ఫిల్మ్‌ను కిటికీ వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు. ఆపరేషన్ మార్చారు. భుజం ముందు కాకిముక్కులా వంగి ఉండే చిన్న ఎముక కొనను, దానికున్న కండరాలతో సహా కోసి, అరిగిన అంచు దగ్గర స్క్రూతో బిగించారు. నేను అసిస్ట్ చేశాను.

ఎముక అతికిందని తేలేదాకా చెట్టెక్కొద్దన్నాం. "అప్పటిదాంక చెట్లు ఆగుతయా మేడం?" అని సణిగాడు గానీ, విన్నాడు. భుజం మళ్ళీ జారలేదు. చెయ్యి మాత్రం బయటికి కొంత తక్కువే తిరిగింది. పొడుగు తాడిచెట్లు తమ్ముడికి వదిలి, తను పొట్టి ఈతచెట్లకు మళ్ళాడు. దీన్ని పూర్తి విజయమని నేను చెప్పను.

కీలు ఏ పనిలో తప్పుతోందో ఆ పనిలోనే పరీక్షించాలని ఈ కేసు నేర్పింది. ఆ తర్వాత భుజం జారినవాళ్ళు ఎవరొచ్చినా చీఫ్ మొదట ఏం పని చేస్తావని అడిగేవారు. ఇది తన పద్ధతని విద్యార్థులకు చెప్పేవారు కూడా. అక్కడ మాత్రం నేను వాదించలేదు.